ఇంకొకడి పేరు మీద ఖైదు

నన్ను పట్టుకున్న రోజు నా నెత్తి మీద చీరల మూట ఉంది. గద్వాలలో మా ఇంటి మగ్గాల మీద నేసిన చీరలు. మా అన్న మగ్గం గుంటలోకి దిగితే పొద్దుగూకేదాకా లేచేవాడు కాదు. తిరిగి అమ్ముకొచ్చే పని నాది. గద్వాల స్టేషన్‌లో రైలెక్కి, కృష్ణ దాటి, వనపర్తి రోడ్డు స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి బండి దొరికితే బండి మీద, దొరక్కపోతే నడిచి, వనపర్తిలోనూ నాగర్‌కర్నూల్‌లోనూ తెలిసిన ఇళ్లన్నీ తిరిగేవాణ్ణి. ఆ ఏడు లింగాల దిక్కున ఒక పెద్ద రైతు ఇంట్లో పెళ్లి ఉందని, మంచి చీరలు పట్టుకురమ్మని కబురొచ్చింది. నాగర్‌కర్నూల్ దాటి అటువైపు నేను అంతకుముందు పోలేదు.

అది నలభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం. నిజాం రాజ్యానికి అవి చివరి రోజులని ఇప్పుడు అందరూ చెప్తారు. అప్పుడు అవి చివరివో, మొదటివో మాకేం తెలుసు? నిజాం మీద తిరగబడ్డ పోరగాండ్లు సరిహద్దులోని సుంకం నాకాలు తగలబెట్టి తుంగభద్ర దాటి, యూనియన్‌లో ఉన్న కర్నూలు దిక్కు పోతున్నారని వినేవాళ్లం. రాత్రి కాకముందే తలుపులు వేసుకునేవాళ్లం. నేను మాత్రం, చీరలమ్ముకునేవాడితో ఎవరికేం పని అనుకుని దారి పట్టాను.

మిట్టమధ్యాహ్నం ఒక చింతచెట్టు కింద ఇద్దరు జవాన్లు కూర్చుని ఉన్నారు. ఒకడు లేచి అడ్డం వచ్చాడు.

"యాడికిరా?"

"లింగాలకు సారూ. పెండ్లి చీరలు తీస్కపోతున్న."

"యాడి నుంచి?"

"గద్వాల నుంచి."

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండోవాడు మెల్లగా తుపాకీ చేతిలోకి తీసుకున్నాడు. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. చీర కావాలేమో, ఊరికే అడగడానికి మొహమాటపడుతున్నారేమో అనుకున్నాను.

నన్ను తీసుకుపోయింది దారికి ఎడంగా ఉన్న ఒక ఊళ్లోని పాత గడీకి. దొర కుటుంబం ఎప్పుడో పట్నం వెళ్లిపోతే అందులో పోలీసు క్యాంపు పెట్టారు. అక్కడ పెద్ద అధికారి అమీన్. ఆయన నన్నేమీ అడగకముందే మూట విప్పించాడు. చీరలన్నీ ఒక్కొక్కటే గడీ వాకిట్లో దుమ్ములో పరిచి, మడతలు దులిపి, అంచులు పట్టుకుని వెలుగుకు చూశారు. తెల్లటి పంచెలో చుట్టి, మట్టి అంటకుండా మోసుకొచ్చిన చీరలవి. ఒక జవాను చెప్పుల కాలితో పైట కొంగు తొక్కుతుంటే నాకు ప్రాణం చివుక్కుమంది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు నా గురించి భయం లేదు, చీరల గురించే.

"కాయిదాలు యాడ దాచినవ్?" అన్నాడు అమీన్.

"ఏం కాయిదాలు సాబ్?"

ఆయన చెప్పింది నాకు వెంటనే అర్థం కాలేదు. వాళ్ల ప్రశ్నల నుంచి ముక్కలు ముక్కలుగా ఏరుకుంటే తర్వాత తర్వాత తెలిసింది ఇది. అలంపూర్ దగ్గర తుంగభద్ర ఒడ్డున ఒక పల్లెవాడు పోరగాండ్లలో కలిశాడు. వాడు గద్వాల చీరలమ్మే వేషంలో నెత్తిన మూట పెట్టుకుని ఊరూరూ తిరిగి కబుర్లు చేరవేసేవాడట. ఒక నాకా తగలబెట్టిన వాళ్లలో కూడా ఉన్నాడట. ఈ క్యాంపులో ఒక్కడు కూడా వాడి మొహం చూడలేదు. వాళ్లకు తెలిసింది చీరల మూట, గద్వాల, ముప్పై ఏళ్ల లోపు వయసు. ఈ మూడూ నాకు సరిపోయాయి. నేను చీరలమ్ముకునేవాణ్ణి సాబ్ అని మొత్తుకున్నకొద్దీ నేనే వాణ్ణని వాళ్లకు గట్టిపడుతూ వచ్చింది. నిజం చెప్తే ఉచ్చు బిగుసుకుంటోంది, అబద్ధమేం చెప్పాలో నాకు తెలియదు.

సాయంత్రానికి ఒకణ్ణి తెచ్చి నా ఎదుట నిలబెట్టారు. నెత్తి నుంచి మోకాళ్ల దాకా గొంగడి కప్పి, కళ్ల దగ్గర మాత్రం కొంచెం సందు ఉంచారు. పట్టుబడి, పోరగాండ్ల గుట్టు చెప్పేందుకు ఒప్పుకున్నవాడు కావచ్చు.

"వీడేనా?" అన్నాడు అమీన్.

గొంగడి కిందికి వంగింది. అంతే. అది అవును అనడమో, దెబ్బలు తిని నిలబడలేక తల వాల్చడమో, నా మొహం చూడలేకపోవడమో నాకిప్పటికీ తెలియదు. అడుగుదామంటే వాడెవడో, బతికున్నాడో లేదో కూడా తెలియదు. ఆ తల వంగినదాని మీద నన్ను లోపలేశారు.

నన్ను వేసింది గడీ వెనక ధాన్యం కొట్టులో. వంగి తప్ప దూరలేని తలుపు. లోపల నిలబడితే చెయ్యెత్తినా పైకప్పు అందదు. చాలా ఎత్తున, గింజలు పోయడానికి పెట్టిన ఒక కంత, దానికి ఇనుప జల్లెడ. గాలి అక్కడి నుంచే, వెలుగు అక్కడి నుంచే. ఎండ కాస్త గోడ మీద పాకి, ఒక మూలకు జరిగి, మాయమయ్యేది. నేల మీద ఏనాటివో జొన్నల పొట్టు, పురుగులు. ఒక కుండలో నీళ్లు, ఇంకొక కుండ దొడ్డికి. ఆ రెండో కుండ ఎప్పుడు తీసుకుపోవాలో జవాను ఇష్టం. తీసుకుపోని రోజుల్లో ఆ గాలిలోనే రొట్టె తినాలి.

మొదట్లో పాదాల మీద కొట్టారు. తర్వాత అది కూడా మానేశారు. ఎవ్వరూ ఈ మనిషితో మాట్లాడకూడదని అమీన్ హుకుం. దెబ్బల కంటే అది కష్టమని ఎవరైనా చెప్తే నేను నమ్మేవాణ్ణి కాదు. తలుపు కింది సందులోంచి రొట్టె లోపలికి వచ్చేది, దానితో పాటు ఒక చెయ్యి మణికట్టు దాకా కనపడేది. ఒక జవాను చేతికి వెండి ఉంగరం, ఇంకొకడి చేతికి పొడుగు వెంట్రుకలు. ఆ చేతులను నేను మనుషుల్లాగా గుర్తుపట్టడం మొదలుపెట్టాను. ఉంగరం చెయ్యి రొట్టెను మెల్లగా పెట్టేది. దాని మీద నాకు అభిమానం కలిగింది. అది రాని రోజున, ఏమైందో, జ్వరమొచ్చిందేమో అని బెంగపడేవాణ్ణి. ఆ చేతికి పైన మొహం ఎలా ఉంటుందో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

కొన్నాళ్లకు నిద్రకూ మెలకువకూ మధ్య గోడ కూలిపోయింది. లేచి కూర్చునే సరికి నా కాళ్లు నేలను మగ్గం తొక్కినట్టు తొక్కుతుండేవి. రెండోపూట రొట్టె వచ్చిందో, ఇది మర్నాటి మొదటి రొట్టో తెలిసేది కాదు. నాలో నేను గట్టిగా మాట్లాడుకుంటే నా గొంతు ఎవరిదో అనిపించి తిరిగి చూసేవాణ్ణి.

పేరు సంగతి చెప్పాలి. జవాను రొట్టె తెచ్చినప్పుడు బయట నుంచి ఆ అలంపూర్ దిక్కు మనిషి పేరు పెట్టి పిలిచేవాడు. ఆ ఒక్క మాటకు మాత్రం హుకుం ఉంది.

"ఆ పేరు నాది కాదన్నా," అన్నాను మొదటిసారి.

"నీది కాదా? అయితే రొట్టె గుడ నీది కాదు," అని తీసుకుపోయాడు.

మర్నాడు అంతే. ఆ మర్నాడు పిలుపు వినపడగానే "ఆఁ" అన్నాను. రొట్టె వచ్చింది. ఆకలి తీరాక సిగ్గుపడ్డాను. తర్వాత సిగ్గు కూడా పోయింది. కొన్నాళ్లకు ఆ పేరు వినపడితే నోట్లో నీళ్లూరేవి. నా పేరును మరిచిపోకూడదని గోడ వైపు తిరిగి జపం చేసినట్టు చెప్పుకునేవాణ్ణి. ఎన్నోసారికో అది మాటలా కాకుండా ఉత్త చప్పుడులా వినపడేది. ఇది నిజంగా నా పేరేనా అని అనుమానం వచ్చేది.

అప్పుడప్పుడు అమీన్ ముందుకు తీసుకుపోయి అవే ప్రశ్నలు అడిగేవారు. నాకా తగలబెట్టిన నాడు నీ ఎంబడి ఎవరున్నరు, ఏ వొడ్డున పుట్టి ఎక్కినవ్, యాడ పండుకున్నవ్. అడిగిందే అడగగా అడగగా ఆ మంట నా కళ్ల ముందు కనపడడం మొదలైంది. వెదురు తడికలు ఫెళఫెళ కాలడం, ఏటి ఒడ్డున ఇసుకలో పరుగెత్తడం, బుట్టలాంటి తోలు పుట్టి గుండ్రంగా తిరుగుతూ నీళ్లలోకి జారడం. నేను అక్కడ లేనని తెలుసు. అయినా కొట్టులో ఒంటరిగా కూర్చుంటే ఆ ఇసుక నా అరికాళ్లకు తగిలేది. ఒకసారి అమీన్ అడిగితే, పుట్టిలో మేం ఎంతమందిమి ఉన్నామో నాకు గుర్తు లేదు సాబ్ అని చెప్పాను. ఉన్నామని ఒప్పుకున్నట్టు ఆ మాట నోటి నుంచి వచ్చాక కానీ నాకు తెలియలేదు.

అప్పటికి ఎండలు బాగా ముదిరాయి. ఒక రోజు తలుపు తీసి బయటికి రమ్మన్నారు. వెలుగు కళ్లలో కారం కొట్టినట్టుంది. వాకిట్లో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఇరవై ఏళ్లు దాటి ఉంటాయి. ముతక చీర, కాళ్ల నిండా దారి దుమ్ము.

"ఈమె ఎవరో తెల్సా?" అన్నాడు అమీన్ నాతో. "నీ పెండ్లాం. నీ ఊరి నుంచే పట్టుకొచ్చినం." ఆమె వైపు తిరిగి, "చూడు. వీడు నీ మొగడేనా?" అన్నాడు.

నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఇవాళ్టితో నా గ్రహచారం తీరింది, ఈమె కాదంటుంది, నేను సాయంత్రానికి వనపర్తి దారిలో ఉంటాననుకున్నాను. ఆమెను చూసి నవ్వాను కూడా.

"చెప్పమ్మా. నేను గాదని చెప్పు."

ఆమె ముందు నా పాదాలు చూసింది. వాచి నల్లబడి ఉన్నాయి. తర్వాత మొహం చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత కూలబడి, నా కాళ్లు పట్టుకుని ఏడ్చింది.

"అయ్యో, గిట్లయిపోతివేందయ్యా! నీ మొకం గుడ గుర్తువట్టరాకుంట చేసిండ్రు గదయ్యా!"

నేను వెనక్కి జరిగాను. "అమ్మా, ఏందమ్మా ఇది? నేను నీకేమైతనమ్మా? నాకు గద్వాల్ల పెండ్లాం ఉంది, పిల్ల ఉంది!"

అమీన్ పెద్దగా నవ్వాడు. "పెండ్లాన్ని పట్టుకొని అమ్మా అంటుండు చూడుండ్రి. ఏం నాటకం ఆడ్తుండురా!"

జవాన్లంతా నవ్వారు. ఆమె ఏడుపు మాత్రం నాటకంలా లేదు. నా పాదాల మీద పడిన కన్నీళ్లు వేడిగా ఉన్నాయి. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ఈమె చెప్పేదే నిజమేమో, గద్వాలా, మగ్గాలూ, నా బిడ్డా నేను కొట్టులో కూర్చుని కల్పించుకున్నవేమో అనిపించింది.

ఆ తర్వాత ఆమె సంత రోజుల్లో రావడం మొదలుపెట్టింది. అమీన్ రానిచ్చాడు. పెండ్లాంతో మాట్లాడుతూ ఏదైనా నోరు జారతానని ఆయన ఆశ. తలుపు తీసి, గడపలో జవానును నిలబెట్టి, ఆమెను బయట కూర్చోబెట్టేవారు. జొన్నరొట్టెలు, పుంటికూర, ఒక్కోసారి పల్లీల పొడి గుడ్డలో కట్టి తెచ్చేది.

మొదటిసారి నేను రొట్టెను విసిరికొట్టాను. ఆమె ఏరి, దుమ్ము దులిపి, గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక తిన్నాను.

జవాను వింటున్నాడు కాబట్టి ఆమె భార్య మాట్లాడినట్టే మాట్లాడేది. "ఎర్రెద్దుకు కాలు గాయమైంది. అత్తకు కండ్లు సరిగ కనవడ్తలేవు, నిన్నే కలవరిస్తుంది. వానలు పడ్డంక చేను ఎవరు దున్నుతరో ఏమో." నేను చూడని ఎద్దు, నేను చూడని ముసలమ్మ, నాది కాని చేను. మొదట చెవులు మూసుకునేవాణ్ణి. తర్వాత తర్వాత ఆ మాటల కోసం ఎదురుచూశాను. వారమంతా నాతో మాట్లాడే ఒకే ఒక్క మనిషి ఆమె. నన్ను ఈ చీకట్లో ఉంచింది ఆమె, ఈ చీకట్లో నా దగ్గరికి వచ్చేదీ ఆమే. కోపగించుకోవాలో, కృతజ్ఞతతో ఉండాలో తేల్చుకోలేక రెండూ ఒకేసారి అనుభవించేవాణ్ణి. ఒకసారి నేనే అడిగాను, "ఎద్దు కాలు ఎట్లుంది?" అని. ఆమె బిత్తరపోయి నా మొహంలోకి చూసింది. "నయమైంది," అంది మెల్లగా.

ఒక రోజు జవాను నీళ్లు తాగడానికి బావి దాకా పోయాడు. ఆమె గబుక్కున ముందుకు వంగింది.

"అన్నా, నన్ను శపించకు. ఆయన ఏటికి అవతల ఉన్నడు. నువ్వు దొరికినవని ఎతుకుడు బంజేసిండ్రు. నువ్వు గాదంటే మళ్ల ఎతుకుతరు, కాల్చి పారేస్తరు."

"నన్ను కాలుస్తే?"

ఆమె రొట్టెల గుడ్డను నా వైపు జరిపింది.

"మా ఇంటికన్న చెప్పు తల్లీ. గద్వాల్ల మా అన్న ఉంటడు. బతికున్ననని చెప్పు. అంతే చాలు." మా వీధి గుర్తులు చెప్పాను.

మా వాళ్లకు తెలిస్తే పరుగెత్తుకొస్తారు. వాళ్లొస్తే ఆమె అబద్ధం బయటపడుతుంది. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె చెప్తాననలేదు, చెప్పననలేదు. జవాను తిరిగొచ్చాడు. ఆమె కొంగు సర్దుకుని, "అత్తకు కండ్లల్ల మందు ఏస్తున్న," అంటూ లేచింది.

ఆ తర్వాత ఒకసారి కొట్టు బయట మా అన్న గొంతు వినపడింది. "మా తమ్ముడు సారూ. చీరల మూట నెత్తిన పెట్టుకొని వచ్చిండు. ఇటు దిక్కు వచ్చినట్లు ఎవరో చెప్పిండ్రు." నా పేరు చెప్తున్నాడు. "గసొంటి పేరుగలోడు ఇక్కడ ఎవ్వడు లేడు, పో," అని ఒక గొంతు.

నేను చప్పుడు చెయ్యలేదు. అప్పటికి నాకు చాలా గొంతులు వినపడుతుండేవి. చచ్చిపోయిన మా అమ్మ కూడా ఆ గోడ అవతలి నుంచి అన్నానికి పిలిచేది. మొదట్లో ప్రతిదానికీ జవాబిచ్చి, అరిచి, తలుపు బాది తన్నులు తిన్నాను. అందుకని ఈసారి, ఇదీ ఆ బాపతే అని మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాను. గొంతు కాసేపు బతిమాలి వెళ్లిపోయింది.

వానలు పడ్డాయి. కంతలోంచి తడిమట్టి వాసన వచ్చేది. ఏటి పొంగుకేమో, ఆమె రావడం కూడా ఆగింది. వానలు సన్నగిల్లాక ఒక రోజు పొద్దున గడీలో అరుపులు, గుర్రం పరుగు, సామాన్లు ఈడ్చిన చప్పుడు వినపడ్డాయి. తర్వాత ఏమీ లేదు. రొట్టె రాలేదు. నీళ్లు రాలేదు. ఏ చెయ్యీ రాలేదు. ఆ పేరు పెట్టి ఎవరూ పిలవలేదు. నేనే తలుపు కింది సందులో నోరు పెట్టి ఆ పేరును నాకు నేను పిలుచుకుని "ఆఁ" అన్నాను, రొట్టె వస్తుందని. కుండ అడుగున నీళ్లు అయిపోయాయి. గోడ చెమ్మను నాకాను.

యూనియన్ సైన్యం వచ్చిందని, క్యాంపువాళ్లు పారిపోయారని, నన్ను మరిచిపోయారని నాకెలా తెలుస్తుంది? లోకంలో మనుషులంతా అయిపోయారనే అనుకున్నాను.

గొళ్లెం తీసింది ఒక ముసలామె. గడీ ఖాళీ అయిందని, వంటచెరుకు దొరుకుతుందేమోనని వచ్చిందట. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఓ అవ్వో! ఎవరు బిడ్డా నువ్వు?"

నేను నోరు తెరిచాను. రెండు పేర్లూ ఒకేసారి నాలుక మీదికి వచ్చాయి. ఏది చెప్తే కొడతారో, ఏది చెప్తే తిండి పెడతారో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. ఆమె కాసేపు చూసి, "పేరు తర్వాత చెప్పు గాని, ముందుగాల ఇంత అంబలి తాగు," అంది. గడీ మెట్ల మీద కూర్చోబెట్టి తాగించింది. తాగుతుంటే, నన్ను పట్టుకున్నవాళ్లంతా పారిపోయారని, నాగర్‌కర్నూల్‌లో కొత్త జెండా ఎత్తారని ఆమె చెప్పింది. నాకు సగమే అర్థమైంది. "మరి నేను పోవచ్చునా?" అని అడిగాను. "ఎవర్ని అడుగుతవ్ బిడ్డా, అడగనీకె ఎవ్వరు లేరు," అంది.

దారిలో నా నడక నాకే ఇబ్బందైంది. కొట్టు పొడుగెంతో అంత దూరం నడవగానే నా కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగేవి. ఆగి, మళ్లీ తిరిగి, ముందుకు నడిచేవాణ్ణి. చూసినవాళ్లు తాగాడనుకున్నారు. బండ్లవాళ్లు దయతలిచి ఎక్కించుకున్నారు. అలా వనపర్తి రోడ్డు స్టేషన్ చేరి, రైలెక్కి, గద్వాల చేరాను.

ఇంట్లో నన్ను చూసి మా అన్న కుప్పకూలాడు. నా భార్య నా చేతులు పట్టుకుని తడిమి తడిమి చూసింది. మా బిడ్డ భయపడి లోపలికి పరుగెత్తింది.

"అంత దూరం వచ్చిన తమ్మీ," అన్నాడు అన్న ఏడుస్తూ. "ఆ గడీ కాడికి గుడ వచ్చిన. నీ పేరు చెప్పి అడిగిన. లేడన్నరు."

నేను ఆ గొంతు విన్నానని చెప్పలేకపోయాను. చెప్తే అన్న ఏమైపోతాడో అనిపించింది.

నా భార్య ఇంకొక సంగతి చెప్పింది. వానలకు ముందు ఎవరో ఆడమనిషి వచ్చి గడప మీద కూర్చుందట. మంచినీళ్లు అడిగి తాగి, మా బిడ్డ తల నిమిరి, ఏదో చెప్పబోయి, ఏడ్చి, లేచి వెళ్లిపోయిందట. "పిచ్చిది గావచ్చు అనుకున్నం," అంది.

చాలాకాలం ఇంట్లో ఎవరికీ నేనేమీ చెప్పలేదు. చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. తలుపు మూస్తే ఊపిరి ఆడేది కాదు, తెరిస్తే ఎవరో వస్తారనిపించేది. గోడ వైపు తిరిగి తినేవాణ్ణి. ఊళ్లో కొత్త రాజ్యం వచ్చిందని సంబరాలు జరుగుతుంటే, ఎవరు పోయారో, ఎవరొచ్చారో, ఇందులో నా తప్పేమిటో, ఒప్పేమిటో తేలక మగ్గం పక్కన ఊరికే కూర్చునేవాణ్ణి. అన్న పోగులు ఇచ్చేవాడు, పట్టుకునేవాణ్ణి.

మరుసటి ఏడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం వాళ్లిద్దరూ వచ్చారు. ఆమెను చూడగానే గుర్తుపట్టాను. ఆమె వెనక ఒక మగమనిషి. పొడుగ్గా, సన్నగా, గడ్డం మీద మచ్చతో ఉన్నాడు. నేను పొట్టి, నా మొహం గుండ్రం. ఒకే ఒక్క పోలిక కోసం నేను అతని మొహమంతా వెతికాను. ఏదీ లేదు.

నా భార్య ఆమెను చూసి ఆగిపోయింది. "ఆనాడు వచ్చి గడప మీద కూసున్నది నువ్వే గదా?"

"నేనే అక్కా."

"ఈయన యాడున్నడో నీకు తెల్సి వచ్చినవా?"

"తెల్సు. చెప్దామనే వచ్చిన. నోరు రాలే."

నా భార్య లోపలికి పోయింది. తలుపు చాటున నిలబడిందని గాజుల చప్పుడుతో తెలుస్తోంది. అతను నా కాళ్ల మీద పడబోతే పట్టుకున్నాను. కూర్చున్నాక నేల చూస్తూ అన్నాడు:

"అన్నా, మా ఊర్ల నాకు దండలేసిండ్రు. నేను జైలుకు పొయ్యొచ్చినని అందరంటుండ్రు. కాదని చెప్పబోతే ఇనరు. గట్టిగ చెప్తే ఈమె అబద్ధమాడిందని బయటపడ్తది. లోపల ఎట్లుండె, ఎట్ల ఓర్చుకున్నవ్ అని అడుగుతుండ్రు. నాకేం తెల్సు? నీ పేరు గుడ వాళ్లకు తెల్వదు. నాకు నిద్ర పడ్తలేదన్నా. ఏమైందో జర నాకు చెప్పు. నా పేరు మీద ఏం పడ్డవో నేను ఇనాలె."

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఇంతకాలం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనిది, అతను అడగగానే మొదలైంది. చింతచెట్టు కింద జవాన్ల దగ్గర నుంచి చెప్పాను. కొట్టు గురించి, కుండల గురించి, చేతుల గురించి, రొట్టె కోసం అతని పేరుకు పలికిన సంగతి, నేను చూడని ఆ మంటా ఇసుకా నాకు కనపడిన సంగతి చెప్పాను. అన్న గొంతు విని పలకకపోవడం చెప్తున్నప్పుడు మగ్గం చప్పుడు ఆగింది. అన్న వింటున్నాడని అప్పుడు తెలిసింది. ఆపబోయి, ఆపలేక, చివరిదాకా చెప్పాను. అతను మధ్యలో ఒక్క మాట అన్నాడు, "నాకా కాడ ఇసుక ల్యాకుండె అన్నా, అది బండరాళ్ల వొడ్డు," అని. నా అరికాళ్ల కింద ఆ ఇసుక ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు.

అన్న మగ్గం గుంటలోంచి లేచి వచ్చి నా పక్కన కూర్చుని, నా వీపు మీద చెయ్యి వేశాడు.

నా భార్య తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. ఆమె మొహం ఎర్రగా ఉంది. తిడుతుందనుకున్నాను. ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి అడిగింది:

"రొట్టెలు మెత్తగ చేస్కపోయినవా? ఆయనకు కుడి పక్క పండ్లు నొప్పి. గట్టియి నమలలేడు."

"నాకు తెల్వదక్కా," అంది ఆమె, కొంగు నోట్లో కుక్కుకుంటూ. "దూరం గదా, దారి పొడుగున ఎండి గట్టిపడ్తుండె."

"నాన్పుకొని తినమని అన్న చెప్పకపోతివి," అంది నా భార్య. అంటూనే అక్కడే కూర్చుని ఏడ్చింది. నేను వచ్చినప్పటి నుంచి ఆమె నా ముందు అలా ఏడవడం అదే మొదలు.

కాసేపటికి లేచి నలుగురికీ విస్తళ్లు వేసింది. వాళ్లకు వడ్డించింది, కానీ తినమని మాట మాత్రం అనలేదు. అతను తల వంచుకుని తిన్నాడు. ఆమె సరిగా తినలేదు. పొద్దు వాలుతుంటే లేచారు. వాకిలి దాటేటప్పుడు అతను, మళ్లీ రావచ్చునా అని అడిగాడు. నేను నా భార్య వైపు చూశాను. ఆమె విస్తళ్లు తీస్తోంది.

"ఏమో," అన్నాను. "నాకు తెల్వదు."

వాళ్లు రైలుకు పోయారు. మరుసటి రోజు నుంచి నేను మగ్గం మీద కూర్చుని నేయడం మొదలుపెట్టాను. వాళ్లు మళ్లీ రాలేదు. ఆమె చేసింది పాపమా కాదా అని నా భార్యను చాలాసార్లు అడిగాను. ఒక్కోసారి ఒక్కోలా చెప్పేది. నేనూ అంతే.